ప్రాసెసర్ వోల్టేజి, గడియార వేగం: కంప్యూటర్ అస్థిరతకు కారణాన్వేషణ

వ్యాససంగ్రహం:
కంప్యూటర్ పని మధ్యలో స్తంభించిపోవడానికి, తనంతట తానే పునఃప్రారంభం కావడానికి గల కారణాలలో ప్రాసెసర్‌కు అందే వోల్టేజికి, దాని గడియార వేగానికి మధ్య ఉండవలసిన పొంతన చెడిపోవడం ఒకటి. ఈ లోపం తన పేరుతో తాను బయటపడదు. గ్రాఫిక్స్ కార్డు లోపంగానో, మెమరీ లోపంగానో, సాఫ్ట్‌వేర్ లోపంగానో కనిపిస్తుంది. ఈ వ్యాసం వోల్టేజి, వేగాల మధ్య గల భౌతిక సంబంధాన్ని వివరించి, ఇంటెల్ సంస్థ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో బయటపడిన అస్థిరతను ఉదాహరణగా స్వీకరించి, కారణనిర్ధారణకు అనుసరించదగిన పద్ధతిని, పరిశోధన ఫలితాల విశ్వసనీయతతో దీనికి గల సంబంధాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ప్రాసెసర్, వోల్టేజి, ఓవర్‌క్లాకింగ్, మైక్రోకోడ్, అస్థిరత, నిశ్శబ్ద దోషం.

1. ఉపోద్ఘాతం:

2023, 2024 సంవత్సరాలలో ఖరీదైన కంప్యూటర్లు కొన్న అనేకమందికి ఒక విచిత్రమైన సందేశం ఎదురైంది. అన్‌రియల్ ఇంజిన్ ఆధారంగా నిర్మించిన ఆటలను ప్రారంభించిన కొద్దిసేపటికే వీడియో మెమరీ చాలడం లేదన్న ప్రకటనతో ఆట ఆగిపోయేది. గ్రాఫిక్స్ కార్డులో మెమరీ పుష్కలంగా ఉన్నా ఇదే సందేశం. కార్డును మార్చినవారు, డ్రైవర్లను తొలగించి తిరిగి స్థాపించినవారు, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటి నుంచి ఎక్కించినవారు ఉన్నారు. ఫలితం శూన్యం. దోషం గ్రాఫిక్స్ కార్డులో లేదు, ప్రాసెసర్‌లో ఉంది.

ఈ ఉదంతం ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. కంప్యూటర్ ఆగిపోయినప్పుడు తెర మీద కనిపించే సందేశం బాధితుడి పేరు చెబుతుంది, నేరస్థుడి పేరు చెప్పదు. ప్రాసెసర్ ఒక గణనను తప్పుగా చేస్తే, ఆ తప్పు విలువను అందుకున్న మరో భాగం ఎక్కడో తడబడుతుంది. నివేదికలో నమోదయ్యేది ఆ తడబాటు మాత్రమే. ఆటలాడేవారికి ఇది చికాకు. అదే తరహా యంత్రంపై వారాల తరబడి గణనలు నడిపే పరిశోధకునికి మాత్రం ఇది సిద్ధాంతవ్యాసంలోని పట్టికల నిజానిజాలకు సంబంధించిన ప్రశ్న.

2. వోల్టేజి, వేగం, కాలం:

5 గిగాహెర్ట్‌జ్ వేగంతో పనిచేసే ప్రాసెసర్‌లో ఒక గడియార స్పందన నిడివి 200 పికోసెకన్లు. ఆ వ్యవధిలోనే విద్యుత్ సంకేతం అనేక తర్కద్వారాలను దాటి, తరువాతి స్పందన రాకముందే గమ్యస్థానంలో స్థిరపడాలి. ఆలస్యమైతే పాత విలువో, తప్పు విలువో నమోదవుతుంది. ప్రతి ద్వారం మారడానికి పట్టే కాలం దానికి అందే వోల్టేజిపై ఆధారపడి ఉంటుంది. వోల్టేజి పెరిగితే ట్రాన్సిస్టర్ త్వరగా మారుతుంది, తగ్గితే మందగిస్తుంది. కనుక ప్రతి వేగానికీ ఒక కనీస వోల్టేజి ఉంటుంది. అంతకు దిగువన ప్రాసెసర్ ఆగిపోతుందని చెప్పడం కంటే, అప్పుడప్పుడు తప్పు చేయడం మొదలుపెడుతుందని చెప్పడం సరైనది.

అయితే వోల్టేజిని ఉదారంగా పెంచితే సరిపోదా అన్న ప్రశ్న సహజం. ప్రాసెసర్ వినియోగించే చలనశక్తి స్థూలంగా వోల్టేజి వర్గానికి, గడియార వేగానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగాన్ని 5 నుంచి 5.5 గిగాహెర్ట్‌జ్‌లకు, అందుకోసం వోల్టేజిని 1.2 నుంచి 1.4 వోల్టులకు పెంచినట్లు భావిద్దాం. వేగం పెరిగింది పది శాతం. వినియోగం మాత్రం 1.36ను 1.1తో గుణించినంత, అంటే దాదాపు యాభై శాతం పెరుగుతుంది. ఆ అదనపు విద్యుత్తంతా ఉష్ణంగా మారుతుంది. ఉష్ణం లీకేజీ విద్యుత్తును పెంచుతుంది. హెచ్చు వోల్టేజి, హెచ్చు ఉష్ణోగ్రత కలిసి ట్రాన్సిస్టర్లకు ముందుగానే వార్ధక్యాన్ని తెచ్చిపెడతాయి.

ఇక్కడ ఒక అపోహను తొలగించడం అవసరం. తెలుగునాట 'వోల్టేజి సమస్య' అనగానే ఇంటికి వచ్చే కరెంటులోని హెచ్చుతగ్గులు, స్టెబిలైజరు గుర్తుకు వస్తాయి. ప్రస్తుత చర్చ ఆ వోల్టేజి గురించి కాదు. గోడ నుంచి వచ్చే 230 వోల్టులను పవర్ సప్లై 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. మదర్‌బోర్డు మీది నియంత్రక వలయం దానిని ఒక వోల్టుకు కాస్త అటూఇటుగా తగ్గించి ప్రాసెసర్‌కు అందిస్తుంది. స్టెబిలైజరు, యు.పి.ఎస్. మొదటి అంచెకు రక్షణ ఇస్తాయే తప్ప చివరి అంచెలోని పొరపాటును సరిదిద్దలేవు.

చివరి అంచెలో ప్రవహించేది స్వల్ప విద్యుత్తు కాదు. 200 ఆంపియర్లు ప్రవహించే మార్గంలో నిరోధం 1.1 మిల్లీఓమ్ మాత్రమే ఉన్నా, ఓమ్ నియమం ప్రకారం 0.22 వోల్టు మార్గంలోనే తగ్గిపోతుంది. అంటే బయాస్ తెరపై కనిపించే వోల్టేజి, పని ఒత్తిడిలో ప్రాసెసర్ లోపలి భాగాలకు అందే వోల్టేజి ఒకటి కావు. ఈ తగ్గుదలను పూరించడానికి మదర్‌బోర్డులలో లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్ అనే అమరిక ఉంటుంది. దానిని మరీ తీవ్రస్థాయిలో పెడితే, ఒత్తిడి హఠాత్తుగా తొలగిన క్షణంలో వోల్టేజి అవసరానికి మించి ఎగసిపడుతుంది. కొలిచే సాఫ్ట్‌వేర్ సెకనుకు ఒకటి రెండుసార్లు మాత్రమే విలువను చదువుతుంది కనుక, మైక్రోసెకన్ల పాటు ఉండే ఈ ఎగుడుదిగుళ్లు దానికి కనిపించవు.

రాత్రంతా కఠినపరీక్షను తట్టుకున్న యంత్రం ఉదయం ఒక పి.డి.ఎఫ్. తెరిచినప్పుడు ఆగిపోవడంలోని మర్మం కూడా ఇక్కడే ఉంది. కోర్‌లన్నీ పనిచేస్తున్నప్పుడు విద్యుత్ పరిమితి కారణంగా వేగం తగ్గి ఉంటుంది. తేలికపాటి పనిలో ఒకటి రెండు కోర్‌లు మాత్రమే మేల్కొని అత్యధిక వేగానికి దూకుతాయి. సమయపు వెసులుబాటు అతి తక్కువగా ఉండేది అప్పుడే. ఉష్ణం తగ్గించుకోవడానికి వోల్టేజిని కొంత కోసివేసినవారికి ఈ అనుభవం తరచుగా ఎదురవుతుంది.

3. ఓవర్‌క్లాకింగ్ – ఇష్టపూర్వకం నుంచి అప్రయత్నం వరకు:

1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ ప్రాసెసర్‌ను ఈ చరిత్రలో ప్రస్తావించక తప్పదు. దాని గుణకం 4.5. బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్‌జ్‌లకు మారిస్తే అది 300కు బదులు 450 మెగాహెర్ట్‌జ్‌ల వద్ద పనిచేసేది. చాలా చిప్పులు ఆ వేగాన్ని సులువుగా తట్టుకున్నాయి. తయారీదారు వదిలిపెట్టిన వెసులుబాటు అంత విస్తారంగా ఉండేది. కాలక్రమంలో ఆ వెసులుబాటును తయారీదారులే స్వయంగా వాడుకోవడం ప్రారంభించారు. టర్బో పేరిట నేటి ప్రాసెసర్ ఉష్ణోగ్రతను, విద్యుత్తును గమనిస్తూ తన వేగాన్ని తానే అంచు వరకు పెంచుకుంటుంది. వినియోగదారునికి మిగిలిన వెసులుబాటు అత్యల్పం.

అందుచేత 'ఏ అమరికనూ మార్చలేదు' అని వినియోగదారుడు చెప్పినంత మాత్రాన యంత్రం నిర్దేశిత పరిమితులలో నడుస్తున్నట్లు కాదు. కోర్ ఐ9-13900కె ప్రాసెసర్‌కు గరిష్ఠ టర్బో విద్యుత్ వినియోగంగా ఇంటెల్ ప్రకటించినది 253 వాట్లు. అనేక మదర్‌బోర్డులు పోటీలో ముందుండేందుకు ఆ స్థానంలో నాలుగువేల వాట్లకు పైబడిన సంఖ్యను అప్రమేయంగా ఉంచాయి. పరిమితి లేదని చెప్పడానికి అది మర్యాదపూర్వకమైన మార్గం. మెమరీ విషయమూ ఇంతే. ఎక్స్.ఎం.పి. అనే ఒక్క మీటను నొక్కితే మెమరీ ప్రకటిత వేగాన్ని అందుకుంటుంది. కాని ఆ వేగాన్ని భరించవలసిన మెమరీ నియంత్రిక ప్రాసెసర్‌లోనే ఉంది. పైన చెప్పిన ప్రాసెసర్ అధికారికంగా అంగీకరించే డి.డి.ఆర్.5 వేగం సెకనుకు 5600 మెగాబదిలీలు. 6400 అని ముద్రించిన మెమరీని ఆ వేగంతో నడపడం ఓవర్‌క్లాకింగే.

ఇది ఒక్క సంస్థకే పరిమితమైన ధోరణి కాదు. 2023 ఏప్రిల్‌లో ఎ.ఎం.డి. సంస్థకు చెందిన రైజెన్ 7000 ఎక్స్3డి ప్రాసెసర్లు కొన్ని కాలిపోయిన ఘటనలు వెలుగుచూశాయి. ఎక్స్‌పో అమరికను ఎంచుకున్నప్పుడు ఎస్.ఒ.సి. వోల్టేజిని కొన్ని బోర్డులు మితిమీరి పెంచడం అందుకు సంబంధించినదని తేలింది. ఆ వోల్టేజికి 1.3 వోల్టుల పరిమితిని విధిస్తూ కొత్త బయాస్‌లు వెలువడ్డాయి.

4. ఇంటెల్ 13, 14 తరాల ఉదంతం:

కోర్ ఐ9-13900కె 2022 అక్టోబరులో, 14900కె 2023 అక్టోబరులో విపణిలోకి వచ్చాయి. మొదటిదాని గరిష్ఠ వేగం 5.8, రెండవదానిది 6 గిగాహెర్ట్‌జ్‌లు. ఆట ప్రారంభంలో షేడర్‌ల కూర్పు, సంపీడిత దత్తాంశాన్ని విప్పడం అన్ని కోర్‌లనూ ఒక్కసారిగా శ్రమపెట్టే పనులు. విప్పిన దత్తాంశం సరిగా లేదని సాఫ్ట్‌వేర్ పసిగట్టినప్పుడు ఆట ఏదో ఒక సాకుతో ఆగిపోయేది. ఊడుల్ అనే సంపీడన సాధనాన్ని రూపొందించిన ర్యాడ్ గేమ్ టూల్స్, తమ సాఫ్ట్‌వేర్‌లో దోషం లేదని, కొన్ని ప్రాసెసర్లపై మాత్రమే ఈ వైఫల్యం కనిపిస్తోందని వివరించింది. ప్రాసెసర్ గుణకాన్ని 55 నుంచి 53కు తగ్గిస్తే సమస్య సద్దుమణగడం అప్పట్లో ప్రచారంలోకి వచ్చిన ఉపశమనం. రోగనిర్ధారణ దృష్టితో చూస్తే ఇది ఉపశమనం కంటే విలువైనది. వేగం తగ్గిస్తే తొలగిపోయే దోషం సాఫ్ట్‌వేర్‌ది అయ్యే అవకాశం బహుస్వల్పం.

2024 ఏప్రిల్ నాటికి ఎన్‌విడియా సంస్థ ఈ సందేశం చూసిన వినియోగదారులను ఇంటెల్‌ను సంప్రదించవలసిందిగా సూచించింది. మొదట అనుమానం మదర్‌బోర్డుల ఉదారమైన అమరికలపై పడింది. బోర్డు తయారీదారులు పరిమితులతో కూడిన కొత్త అమరికలను విడుదల చేశారు. ఆ అనుమానం తప్పు కాదు, సంపూర్ణమూ కాదు. జూలైలో ఇంటెల్, ప్రాసెసర్‌లోని మైక్రోకోడ్ స్వయంగా అవసరానికి మించిన వోల్టేజిని కోరుతున్నట్లు ప్రకటించింది. మైక్రోకోడ్ అంటే ప్రాసెసర్ అంతర్గత ప్రవర్తనను నియంత్రించే ఆదేశాల సంపుటి. యంత్రం మొదలైన ప్రతిసారీ బయాస్ లేదా ఆపరేటింగ్ సిస్టమ్ దానిని ఎక్కిస్తుంది. ఆగస్టులో వచ్చిన 129 సంఖ్య గల మైక్రోకోడ్, 1.55 వోల్టులకు మించిన అభ్యర్థనలను అడ్డుకుంది. సెప్టెంబరులో వచ్చిన 12బి, యంత్రం ఖాళీగానో తేలికపాటి పనిలోనో ఉన్నప్పుడు కూడా పెరిగిపోతున్న వోల్టేజిని నియంత్రించింది. రోజుల తరబడి ఆపకుండా తేలిక పనులు చేసే యంత్రాల కోసం 2025 మే నెలలో 12ఎఫ్ వెలువడింది. ఖాళీగా ఉన్న యంత్రం సురక్షితమన్న సామాన్య విశ్వాసాన్ని ఈ క్రమం తలకిందులు చేసింది.

మూలకారణంగా ఇంటెల్ పేర్కొన్నది కోర్‌లోని గడియార వృక్షం. చిప్పు అంతటికీ గడియార స్పందనను కొమ్మలు రెమ్మలుగా పంచే వలయమిది. హెచ్చు వోల్టేజి, ఉష్ణోగ్రతల వద్ద ఈ వలయం త్వరగా వార్ధక్యానికి గురై, స్పందనలోని హెచ్చు, తగ్గు భాగాల నిష్పత్తి మారిపోతుంది. సంకేతాలకు దక్కవలసిన వ్యవధి ఆ మేరకు కుంచించుకుపోతుంది. ఫలితంగా నిన్నటి దాకా చాలిన వోల్టేజి నేడు చాలదు. కనీస వోల్టేజి పైకి జరగడం వల్ల కలిగే అస్థిరతగా సంస్థ దీనికి పేరు పెట్టింది. కొన్ని తొలి 13వ తరం చిప్పులలో తయారీ దశలో ఏర్పడిన ఆక్సీకరణ దోషం దీనికి భిన్నమైనదని, దానిని 2023లో సరిదిద్దామని కూడా తెలిపింది. ప్రభావిత ప్రాసెసర్లకు వారంటీని రెండేళ్లు పొడిగించింది.

చర్చలలో తరచు మరుగునపడే అంశం ఒకటుంది. మైక్రోకోడ్ భవిష్యత్ నష్టాన్ని ఆపుతుంది, జరిగిన నష్టాన్ని మాన్పదు. ఇప్పటికే కనీస వోల్టేజి పెరిగిన చిప్పును కొత్త బయాస్ బాగుచేయలేదు. వోల్టేజిని మరికాస్త పెంచి యంత్రాన్ని నిలబెట్టడం సాధ్యమే. కాని అది వార్ధక్యాన్ని తెచ్చిన కారణాన్నే మందుగా వాడడం. కొన్ని నెలలకు మళ్లీ పెంచవలసి వస్తుంది. అటువంటి ప్రాసెసర్‌ను వారంటీ కింద మార్పించుకోవడమే యుక్తమైన పని.

5. కారణనిర్ధారణ పద్ధతి:

మొదటి ఆధారం నమోదుపుస్తకం. విండోస్‌లో 'కెర్నల్ పవర్ 41' అనే నమోదు చూసి పవర్ సప్లైని మార్చేవారు కనిపిస్తారు. యంత్రం సక్రమంగా మూతపడలేదన్నది తప్ప అది మరేమీ చెప్పదు. డబ్ల్యు.హెచ్.ఇ.ఎ. లాగర్ చేసే నమోదులు ఇంతకంటే విలువైనవి. వాటిలో 18వ సంఖ్య సరిదిద్దలేని దోషానికి, 19వ సంఖ్య సరిదిద్దగలిగిన దోషానికి సంకేతం. 19వ రకం నమోదులు వరుసగా కనిపిస్తూ ఉంటే యంత్రం ఆగకపోయినా అంచు మీద నడుస్తున్నట్లు అర్థం. ఏ కోర్ వద్ద దోషం జరిగిందో కూడా ఆ నమోదులో ఉంటుంది. ప్రతిసారీ ఒకే కోర్ అయితే అనుమానం బలపడుతుంది. నీలితెర మీది సంకేతాలలో 124 హార్డ్‌వేర్ దోషాన్ని, 101 ఒక కోర్ గడువులోగా స్పందించకపోవడాన్ని సూచిస్తాయి. లినక్సులో ఇవే 'మెషీన్ చెక్' సందేశాలుగా కెర్నల్ నమోదులో కనిపిస్తాయి. ఒకే డ్రైవర్ పేరు పదేపదే వస్తే సాఫ్ట్‌వేర్‌ను, ప్రతిసారీ వేర్వేరు పేర్లు, వేర్వేరు సంకేతాలు వస్తే హార్డ్‌వేర్‌ను ముందుగా శంకించడం సమంజసం.

తరువాతి మెట్టు బయాస్‌ను తాజా రూపానికి మార్చి, అమరికలన్నింటినీ మూలస్థితికి తేవడం. ఎక్స్.ఎం.పి.ని కూడా తొలగించాలి. దానిని ఉంచుకొని మిగిలినవి మాత్రమే మార్చడం వల్ల అన్వేషణ దారితప్పిన సందర్భాలే ఎక్కువ. ఈ స్థితిలో మెమ్‌టెస్ట్86తో మెమరీని పరీక్షించి, ఆపై ప్రైమ్95, వై-క్రంచర్, ఒ.సి.సి.టి. వంటి సాధనాలను వాడవచ్చు. మెర్సెన్ ప్రధానసంఖ్యల అన్వేషణ కోసం పుట్టిన ప్రైమ్95, ముందుగా తెలిసిన జవాబుతో తన గణనను సరిపోల్చుకుంటుంది. యంత్రం ఆగిపోకముందే తప్పును పట్టుకోగలగడం దాని ప్రత్యేకత. చిన్న పరిమాణపు పరీక్షలు కోర్‌ను, పెద్దవి మెమరీ నియంత్రికను శ్రమపెడతాయి. పూర్వభాగంలో చెప్పిన తేలికపని దోషాన్ని పట్టుకోవాలంటే మాత్రం ఒక్కొక్క కోర్‌నే వంతులవారీగా పరీక్షించాలి.

మూలస్థితిలోనూ దోషం కొనసాగితే నిర్ధారణకు ఒక విలోమ ప్రయోగం ఉపకరిస్తుంది. గరిష్ఠ వేగాన్ని 200 లేదా 300 మెగాహెర్ట్‌జ్‌లు తగ్గించి, వోల్టేజిని కదపకుండా వదలాలి. దోషం మాయమైతే సమయపు వెసులుబాటు లోపించిందని తేలినట్లే. మాయం కాకపోతే మెమరీ, పవర్ సప్లై, డిస్కుల వైపు దృష్టి మళ్లించవలసి ఉంటుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలన్న నియమం ప్రయోగశాలలో అందరికీ తెలిసినదే. కంప్యూటర్ విషయంలో మాత్రం విసుగులో నాలుగు అమరికలు ఒకేసారి మార్చి, ఏది పనిచేసిందో తెలియక మిగిలిపోవడం సాధారణం.

'మార్పు తరువాత మూడు రోజులుగా ఆగలేదు' అన్న మాటకు ఎంత విలువనివ్వాలి? ఆగిపోవడాలు యాదృచ్ఛికంగా, సగటున మూడు రోజులకొకసారి జరుగుతున్నాయనుకుంటే, ఏ మార్పూ చేయకపోయినా మూడు రోజులు నిరాటంకంగా గడిచే సంభావ్యత సుమారు 37 శాతం. ఆ సంభావ్యత ఐదు శాతానికి దిగాలంటే సగటు వ్యవధికి మూడురెట్లు, అంటే తొమ్మిది రోజులు వేచిచూడాలి. పాయిజాన్ విభాజనం తెలిసిన పాఠకులకు ఈ లెక్క కొత్తది కాదు. నయమైందని తొందరపడి ప్రకటించిన యంత్రాలు మళ్లీ మొరాయించడం వెనుక ఉన్నది చాలావరకు ఈ లెక్క వేయకపోవడమే.

ఉష్ణోగ్రతను గురించి కొంత. ఈ ప్రాసెసర్లు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. అంతమాత్రాన ఆగిపోవు. కాని శీతలీకరణ గదిలోని గాలిపైనే ఆధారపడుతుంది. గది ఉష్ణోగ్రత 25 నుంచి 40 డిగ్రీలకు చేరితే చిప్పు ఉష్ణోగ్రత కూడా సుమారు అంతే పైకి జరుగుతుంది. జనవరిలో స్థిరంగా ఉన్నట్లు తేల్చిన అమరికను ఏ.సి. లేని గదిలో మే నెల దాకా నమ్మడం కోస్తాలోనైనా తెలంగాణలోనైనా సరికాదు.

6. నిశ్శబ్ద దోషాలు – పరిశోధన ఫలితాలు:

యంత్రం ఆగిపోవడం నిజానికి అదృష్టం. తప్పు చేసి కూడా ఆగకుండా కొనసాగడం అసలు ప్రమాదం. 2021లో గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల పరిశోధకులు తమ దత్తాంశ కేంద్రాలలోని ప్రాసెసర్లపై విడివిడిగా ప్రచురించిన పత్రాలు ఈ విషయాన్ని చర్చకు తెచ్చాయి. ఓవర్‌క్లాకింగ్ ఊసే లేని సర్వర్లలోనూ కొన్ని కోర్‌లు కొన్ని గణనలను మౌనంగా తప్పు చేస్తున్నట్లు అవి చూపాయి. ఫేస్‌బుక్ పత్రంలోని ఉదాహరణ తేటగా ఉంటుంది. 1.1ను 53వ ఘాతానికి హెచ్చించి పూర్ణాంకంగా మార్చితే 156 రావాలి. దోషం గల కోర్ ఇచ్చిన జవాబు సున్నా. దత్తాంశాన్ని విప్పే సందర్భంలో ఒక ఫైలు పరిమాణం సున్నాగా తేలడం వల్ల ఆ ఫైలు మాయమయ్యేది. ఎక్కడా దోష సందేశం లేదు.

వోల్టేజికి, తప్పుడు గణనకు గల సంబంధాన్ని ప్రయోగపూర్వకంగా చూపినది ప్లండర్‌వోల్ట్ పరిశోధన. బర్మింగ్‌హామ్, గ్రాట్స్, లూవెన్ విశ్వవిద్యాలయాలకు చెందిన పరిశోధకులు 2019లో దీనిని వెల్లడించారు. సాఫ్ట్‌వేర్ ద్వారానే ప్రాసెసర్ వోల్టేజిని తగినంత తగ్గిస్తే, యంత్రం ఆగిపోకముందే గుణకారాలు తప్పుతాయని, ఆ తప్పుల ఆధారంగా రహస్య సంకేతలిపి తాళాలను రాబట్టవచ్చని వారు నిరూపించారు. పూర్తిగా ఆరోగ్యంగా ఉన్న చిప్పుకూ, ఆగిపోయే చిప్పుకూ మధ్య తప్పుడు లెక్కల ప్రాంతం ఒకటి ఉందనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

ఇ.సి.సి. మెమరీ ఉంటే ఈ బెడద లేదనుకోవడం పొరపాటు. అది నిల్వలో చెడిపోయిన అంకెను సరిదిద్దుతుంది. ప్రాసెసరే తప్పుగా గణించి పంపిన విలువను భద్రంగా, యథాతథంగా కాపాడుతుంది. కనుక సుదీర్ఘ గణనలు చేసే పరిశోధకులు ఎంచుకున్న కొన్ని ఫలితాలనైనా వేరొక యంత్రంపై తిరిగి రాబట్టి పోల్చాలి. రెండు యంత్రాల ఫలితాలు చివరి దశాంశ స్థానాలలో భేదించడం గణన క్రమాన్ని బట్టి సహజమే. ఒకే యంత్రంపై, ఒకే ప్రోగ్రాం, ఒకే దత్తాంశంతో, ఒకే థ్రెడ్‌పై రెండుసార్లు నడిపినప్పుడు భేదం వస్తే మాత్రం యాదృచ్ఛిక సంఖ్యల బీజం మారలేదని చూసుకున్న తరువాత హార్డ్‌వేర్‌ను పరీక్షకు పెట్టవలసిందే. పరిశోధన పద్ధతిని వివరించే అధ్యాయంలో సాఫ్ట్‌వేర్ పేరు, దాని సంస్కరణ సంఖ్య రాసే ఆచారం ఇప్పటికే ఉంది. ప్రాసెసర్ నమూనా, బయాస్ సంస్కరణ, మైక్రోకోడ్ సంఖ్య, ఎక్స్.ఎం.పి. స్థితి అక్కడే చేర్చడానికి పట్టేది ఒక్క వాక్యం. ఒక తరం ప్రాసెసర్లలో దోషం ఉన్నట్లు రెండేళ్ల తరువాత ప్రకటన వెలువడినప్పుడు, ఏ పట్టికలను తిరిగి లెక్కించాలో ఆ వాక్యాన్ని బట్టే తెలుస్తుంది.